వడ్డీ లేని అప్పు... ఫోన్‌లో లెక్క

తోపుడు బండి మీద బతికేవారికి కావలసిన పెట్టుబడి చిన్నదే. చిక్కంతా అక్కడే ఉంది. అప్పు మూడు వేలైనా, మూడు లక్షలైనా రాయాల్సిన కాగితాలు అవే, వసూలుకు తిరిగే తిరుగుడూ అదే. మామూలు సూక్ష్మరుణ సంస్థలు ఆ ఖర్చును వడ్డీలో కలిపి రాబడతాయి. ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం. మరి ఖర్చు ఎవరు భరించాలి? ఇండోనేషియా, మలేషియాలు ఇందుకు దానధనాన్నీ, ఫోన్‌నూ కలిపి వాడుతున్నాయి.

ముందు ఆ ధనం సంగతి. నిర్ణీత పరిమితికి మించి చాంద్రమాన సంవత్సరం పాటు నిలిచిన సంపదలో నూటికి రెండున్నర ఇవ్వడం జకాత్. ఇది ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. పేదలు, అప్పులపాలైనవారితో పాటు వసూలు సిబ్బందికీ అందులో చోటుంది. ఇండోనేషియాలో సిబ్బంది వాటా ఎనిమిదో వంతు దాటకూడదు. ఇష్టపూర్వకంగా ఇచ్చేది సదఖా. అసలును కదపకుండా రాబడిని మాత్రమే ఖర్చు చేసేది వక్ఫ్. అసలు మాత్రమే తిరిగి కట్టే అప్పు ఖర్జె హసనా. జకాత్ సొమ్మును అప్పుగా ఇవ్వవచ్చా అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అందుకే చాలాచోట్ల దాన్ని బండిగానో, కుట్టుమిషన్‌గానో ఉచితంగా ఇచ్చేస్తారు.

ఇక ఫోన్ పని. ఇండోనేషియా కేంద్ర బ్యాంకు 2019లో ‘క్రిస్’ అనే ఉమ్మడి క్యూఆర్ కోడ్ తెచ్చింది. మన యూపీఐ స్టిక్కర్‌లాగే ఏ యాప్‌తోనైనా చెల్లించవచ్చు. మసీదు విరాళాల పెట్టె మీదా అదే, టిఫిన్ బండి మీదా అదే. జీతం చీటీ లేని వ్యాపారికి ఆ అమ్మకాల చిట్టాయే ఆధారమవుతుంది. మలేషియాలో 2020లో మొదలైన ‘ఐటెకాద్’ పథకం జకాత్, విరాళాల నుంచి మూలధనాన్నీ, బ్యాంకు నుంచి చిన్న రుణాన్నీ, శిక్షణనూ జతచేసి ఇస్తుంది.

అయితే ఫోన్ ఉన్నంత మాత్రాన నమ్మకం రాదు. 2023 ఏప్రిల్‌లో జకార్తా మసీదుల్లో ఒకడు విరాళాల పెట్టెల మీద సొంత ఖాతా కోడ్ అంటించి పట్టుబడ్డాడు. కోడ్ స్కాన్ చేయగానే తెరపై కనబడే పేరు చదవని దాతల సొమ్ము వాడి ఖాతాలోకి పోయింది.

కనబడని ప్రమాదాలు ఇంకా ఉన్నాయి. జకాత్, సదఖా, వక్ఫ్ ఒకే ఖాతాలో కలిస్తే ఎవరి హక్కు ఎవరికి పోయిందో తేలదు. వాయిదా తప్పగానే యంత్రమే హెచ్చరికలు పంపుతుంటే, కష్టంలో ఉన్న బాకీదారుకు గడువివ్వమన్న ఖురాన్ మాటకు అర్థం ఉండదు. ఆ గడువిచ్చే అధికారం మనిషి చేతిలోనే ఉండాలి.

ఇలాంటి యాప్‌లో డబ్బు వేసేముందు మూడు సంగతులు అడగండి: నా సొమ్ము ఏ ఖాతాలో పడుతుంది, నిర్వహణకు ఎంత తీసుకుంటారు, కట్టలేనివారిని ఏం చేస్తారు? వీటికి సూటిగా జవాబివ్వని సంస్థకు దానం చేయకండి.