ఓడినవానికే తొలి వరణం

మన ప్రబంధాలలో స్వయంవర ఘట్టాలకు కొదవ లేదు. దేశదేశాల రాజులు బారులు తీరి కూర్చుంటారు. వరమాల చేతబట్టిన రాచకన్నె ఒక్కొక్కరినే దాటుకుంటూ నడుస్తుంది. పక్కనున్న చెలికత్తె ప్రతి రాజు గుణగణాలనూ వర్ణిస్తుంది. ఎవరి కీర్తి పెద్దదో, ఎవరి విజయాలు ఎక్కువో, వారివైపు చూపు మళ్లడం లోకసహజం. యుద్ధంలో ఓడి వచ్చిన రాజుకు ఆ సభలో వెనుక వరుసే గతి.

ఈ ఆచారాన్ని తలక్రిందులు చేసిన సభ ఒకటి అమెరికా దేశంలో ఏటేటా వసంతకాలాన జరుగుతుంది. అక్కడ వరించేవారు ఫుట్‌బాల్ జట్ల అధిపతులు. వరింపబడేవారు కళాశాలలలో ఆడి పేరు తెచ్చుకున్న ఇరవై, ఇరవై రెండేండ్ల యువకులు. గడచిన ఏడాది అందరికంటె హీనంగా ఓడిన జట్టు ఏదో దానికే తొలి వరణం. విజేతకు చిట్టచివరి వంతు. దీనిని వారు డ్రాఫ్ట్ అంటారు. నేడు 32 జట్లు 7 ఆవృత్తులలో, మొత్తం రెండువందల యాభైకి పైచిలుకు యువకులను ఈ విధంగా ఎన్నుకుంటున్నవి. మన దేశంలో 2008 నుండి జరుగుతున్న క్రికెట్ వేలాన్ని చూచినవారు ఇదీ అట్టిదే అనుకోవచ్చును. కాని వేలంలో మాట్లాడేది డబ్బు సంచి. ఇక్కడ మాట్లాడేది వంతు.

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలే ఆట వేరు. అమెరికావారి ఫుట్‌బాల్‌లో బంతి కోలగా ఉంటుంది. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును, విసరవచ్చును. ఒక్కొక్క పక్షాన 11 మంది. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోగలిగితే బంతి తమ వద్దనే నిలుస్తుంది. లేనిచో ఎదుటివారి పరం అవుతుంది. బంతిని విసిరే నాయకుడు క్వార్టర్‌బ్యాక్. అతడు జట్టు అనే రథానికి సారథి. బంతిని పొదివి పట్టుకొని శత్రువ్యూహాన్ని చీల్చుకుపోయేవాడు రన్నింగ్‌బ్యాక్. ఈ కథకు ఈ రెండు మాటలు తెలిస్తే చాలును.

డ్రాఫ్ట్ అనే ఆలోచన ఓటమిలో నుండే పుట్టినది. 1935లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ అనే జట్టుకు బెర్ట్ బెల్ యజమాని. ఆ ఏడు ఆ జట్టు 11 ఆటలాడి 2 మాత్రమే గెలిచినది. ధనమూ, పేరూ గల జట్లు మంచి ఆటగాండ్రనందరినీ ఎగరేసుకుపోతూ ఉంటే, లేమిలో ఉన్న జట్లు ఎన్నటికీ లేవలేవనీ, అట్టి పోటీలను చూడడానికి కొన్నాళ్లకు జనమే రారనీ బెల్ వాదించాడు. ధనిక జట్ల యజమానులు సైతం ఒప్పుకొన్నారు. 1936 ఫిబ్రవరి 8వ తేదీన ఫిలడెల్ఫియా నగరంలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటలులో తొలి డ్రాఫ్ట్ జరిగినది. జట్లు 9, ఆవృత్తులు 9, ఎంపికలు 81. అడుగున ఉన్న బెల్ జట్టుకే మొదటి వంతు వచ్చినది. చికాగో విశ్వవిద్యాలయపు జే బెర్వాంగర్‌ను అది కోరుకొన్నది. విధి వైపరీత్యం ఏమనగా, చరిత్రలో తొట్టతొలిగా వరింపబడిన ఆ యువకుడు వృత్తి ఫుట్‌బాల్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. వేరే ఉపాధి చూచుకొన్నాడు. వరించినంత మాత్రాన వరుడు దక్కడు అనే పాఠాన్ని మొదటి సభే నేర్పినది.

ఇక అభిమానుల సంగతి. జట్టు యజమానులు మారుతారు, శిక్షకులు మారుతారు, ఆటగాండ్రు నాలుగైదేండ్లకు తరలిపోతారు. తరాల పర్యంతం కదలకుండా మిగిలేవాడు అభిమాని ఒక్కడే. తండ్రి ఏ జట్టు ఓడితే అన్నం ముట్టడో, కొడుకూ ఆ జట్టు కొరకే గొంతు చించుకుంటాడు. కనుక డ్రాఫ్ట్ నాడు మా జట్టు ఎవరిని ఎన్నుకోవాలో చెప్పే హక్కు మాకున్నదని వాడు భావించడంలో అసహజం లేదు. శిక్షకుడు తెచ్చిన ఫలితాన్ని ఏళ్ల తరబడి అనుభవించవలసినవాడు వాడే గదా!

ఈ హక్కు ఎంతవరకు, ఎక్కడికి వచ్చేసరికి అది అన్యాయమవుతుంది అన్న ప్రశ్నకు 1999 ఏప్రిల్ 17వ తేదీ మంచి ఉదాహరణ. అంతకుముందటి ఏడు ఫిలడెల్ఫియా ఈగిల్స్ 16 ఆటలలో 3 మాత్రమే గెలిచినది. డ్రాఫ్ట్‌లో రెండవ వంతు వచ్చినది. టెక్సస్ విశ్వవిద్యాలయపు రన్నింగ్‌బ్యాక్ రికీ విలియమ్స్ మీద నగరమంతా మనసు పడ్డది. అది వట్టి మోజు కాదు. ఆ యువకుడు కళాశాల ఆటగాండ్రకు ఇచ్చే హైస్మన్ బహుమతిని 1998లో గెలుచుకున్నవాడు. పరుగుతో సాధించిన గజాల లెక్కలో నాటికి అందరినీ మించినవాడు. ఫలితం కళ్లకు కట్టినట్లు కనిపిస్తున్నది, ఇంకేమి ఆలోచించాలి అన్నది అభిమానుల వాదం. ఒక రేడియో వ్యాఖ్యాత సుమారు ముప్పదిమంది అభిమానులను బస్సులో న్యూయార్క్ నగరానికి, డ్రాఫ్ట్ జరిగే సభకే తీసుకొనిపోయాడు.

అప్పుడే జట్టు పగ్గాలు చేపట్టిన ఆండీ రీడ్ ఆలోచన వేరు. ఈ స్థాయిలో జట్టుకు ప్రధాన శిక్షకుడు కావడం అతనికి అదే ప్రథమం. సారథి లేని రథానికి ఎంతటి గుఱ్ఱాన్ని కట్టినా దారి తెలియదని అతని తలంపు. అందుచేత సిరక్యూస్ విశ్వవిద్యాలయపు క్వార్టర్‌బ్యాక్ డోనోవన్ మెక్‌నాబ్‌ను ఎన్నుకొన్నాడు. వేదిక మీద ఆ పేరు చదివినంతనే గ్యాలరీలో నుండి గేలి మిన్నుముట్టినది. జీవితంలో మరపురాని ఘడియ అని తల్లిదండ్రులతో కూడి వచ్చిన ఇరవై రెండేండ్ల యువకుడు ఆ ఈసడింపుల నడుమనే వేదికనెక్కి, జట్టు అంగీని చేతబట్టి నిలబడ్డాడు.

తరువాత ఏమైనదో లెక్కలే చెబుతున్నవి. ఆ ఏడు మొదటి మూడు వంతులలోనూ క్వార్టర్‌బ్యాక్‌లనే తీసుకొన్నారు. మెక్‌నాబ్‌కు ముందు ఎంపికైన టిమ్ కౌచ్, తరువాత ఎంపికైన అకీలి స్మిత్ ఇద్దరూ అయిదేండ్లు తిరగకముందే తెరమరుగైనారు. మెక్‌నాబ్ మాత్రం తన జట్టును 5 పర్యాయాలు తమ విభాగపు తుదిపోరుకు నడిపించాడు. 2005 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అనే మహాసంగ్రామానికి చేర్చాడు. అక్కడ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చేతిలో 24–21 తేడాతో పరాజయం కలిగినది. అయినా 2013లో అతని 5వ సంఖ్య అంగీని ఇక మరెవరికీ ఇవ్వరాదని ఈగిల్స్ యాజమాన్యం నిర్ణయించి గౌరవించినది.

ఇంతటితో అభిమానులు మూర్ఖులని తీర్పు చెప్పడం తేలిక; కాని అది న్యాయం కాదు. రికీ విలియమ్స్ ఎందుకూ కొరగానివాడేమీ కాలేదు. 2002లో మయామీ జట్టు పక్షాన 1,853 గజాలు పరుగెత్తి ఆ ఏడు దేశంలోకెల్లా ముందు నిలిచాడు. అంటే అభిమానులు ప్రతిభను గుర్తించడంలో పొరబడలేదు. పొరబడినది జట్టు అవసరాన్ని తూచడంలో. న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ జట్టు శిక్షకుడు మైక్ డిట్కా సైతం ఆ మోజులోనే పడి, విలియమ్స్ కొరకు ఆ ఏటి తన ఎంపికలన్నిటినీ, మరుసటి ఏటి రెండు ఎంపికలనూ వాషింగ్టన్ జట్టుకు ధారపోశాడు. ఆ ఏడు ఆ జట్టు గెలిచినవి 3 ఆటలు. డిట్కా ఉద్యోగం ఊడినది. నూటికి నూరుపాళ్లు వృత్తినిపుణుడైన వాడే తప్పినప్పుడు గ్యాలరీలోని సామాన్యుని తప్పు పట్టడమెందుకు?

ఇంతకూ నిపుణుల చూపు ఏపాటిది? డ్రాఫ్ట్‌కు ముందు యువకులను ఒకచోట చేర్చి పరుగు, దూకుడు, కండబలం, తెలివి అన్నీ కొలుస్తారు. 2000వ సంవత్సరంలో మిషిగన్ విశ్వవిద్యాలయపు క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 40 గజాలు పరుగెత్తడానికి 5.28 సెకండ్లు తీసుకొన్నాడు. ఆ స్థాయికి అది నత్తనడక. ఆ ఏడు 198 మంది పేర్లు పిలిచిన తరువాత, 199వ వాడుగా పేట్రియట్స్ అతనిని తీసుకొన్నారు. అతడు గెలిచిన సూపర్ బౌల్‌లు 7. 2005లో మెక్‌నాబ్‌ను ఓడించినది ఆ 199వ వాడే. గడియారం కాళ్లను కొలిచినది. పట్టుదలను కొలిచే గడియారం వారి వద్ద లేదు.

కేడ్ మాసీ, తరువాత 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం అందుకొన్న రిచర్డ్ థేలర్ అనే పండితులు ఈ డ్రాఫ్ట్‌లను పరిశోధించి 2013లో ఒక వ్యాసం ప్రకటించారు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిని వరుసగా ఎన్నుకొన్నప్పుడు, ముందు ఎన్నుకొన్నవాడు వెనుకవానికంటె మెరుగని తేలే అవకాశం నూటికి 52 పాళ్లు మాత్రమేనని వారు లెక్కగట్టారు. బొమ్మా బొరుసా వేసినా నూటికి 50 వస్తుంది. కోట్ల డాలర్లు వెచ్చించిన విద్వత్తుకు దక్కిన ఆధిక్యం ఆ రెండు పాళ్లే.

ఈ సత్యానికి తోడు మరొకటి ఉన్నది. తొలి వరణం అవకాశమే గాని విజయం కాదు. క్లీవ్‌లండ్ బ్రౌన్స్ జట్టుకు 1999లో, 2000లో, తిరిగి 2017లో మొదటి వంతు దక్కినది. 2017లో ఆ జట్టు ఆడిన 16 ఆటలూ ఓడినది. విత్తనం మేలిదైనా పొలం దున్నేవాడు కావాలి. మరొకవంక ఫిలడెల్ఫియా జట్టే 2020లో రెండవ ఆవృత్తిలో, 53వ వాడుగా జేలన్ హర్ట్స్‌ను తీసుకొన్నప్పుడు, పెద్ద జీతం మీద ఒక క్వార్టర్‌బ్యాక్ ఉండగా మరొకడెందుకని అభిమానులలో పలువురు గొణిగారు. 2025 ఫిబ్రవరిలో అదే హర్ట్స్ నాయకత్వాన ఆ జట్టు కాన్సస్ సిటీ చీఫ్స్‌ను 40–22తో ఓడించి సూపర్ బౌల్ గెలిచినది. నాటి ఉత్తమ క్రీడాకారుడు కూడ అతడే. ఓడిన జట్టు శిక్షకుడు మరెవరో కాదు, నాడు మెక్‌నాబ్‌ను ఎన్నుకొన్న ఆండీ రీడ్.

మరి అభిమాని నోరు మూసుకోవలెనా? అక్కరలేదు. విమర్శించే అభిమాని లేని జట్టు, ప్రశ్నించే శిష్యుడు లేని గురువు వంటిది. కాని విమర్శకు గురి ఎవరన్నది ప్రధానం. ఫిలడెల్ఫియావారి ఆగ్రహం శిక్షకుని నిర్ణయం మీద. అవమానం పాలైనవాడు మాత్రం ఆ యువకుడు. తనను ఫలానా జట్టు కోరుకోవాలని అతడు అడగలేదు. డ్రాఫ్ట్ నియమం ప్రకారం జట్టును ఎన్నుకొనే స్వేచ్ఛ ఆటగానికి లేనే లేదు. ఎన్నుకొన్నవానిని నిందింపబోయి ఎన్నుకోబడినవానిని గాయపరచడం—ఇదే ఆ నాటి అన్యాయం. కుమారాస్త్ర విద్యాప్రదర్శన సభలో కర్ణునికి తగిలిన మాట అతని జీవితమంతా వెంటాడినది. మెక్‌నాబ్ పేరు తలచినప్పుడెల్లా, అతని గెలుపులతోపాటు ఆ గేలి కూడ ఈనాటికీ ప్రస్తావనకు వస్తూనే ఉన్నది.

ఉపాధ్యాయ సోదరులు ఈ కథను దూరదేశపు వినోదంగా మాత్రమే చదవరాదని నా మనవి. ప్రతి బడిలోనూ ఏటేటా డ్రాఫ్ట్ జరుగుతూనే ఉన్నది. పదిహేనేండ్ల పిల్లవానిని మార్కుల గడియారంతో కొలిచి, వీడు ముందు వరుస, వీడు వెనుక వరుస అని నిర్ణయిస్తున్నాము. అన్ని కొలతలూ, అంత ధనమూ గల నిపుణులకే నూటికి 52 పాళ్లు దొరికితే, ఒక పరీక్షా పత్రం చూచి ‘వీనికి చదువు రాదు’ అని నిండు తరగతిలో పలికే ముందు మనమెంత వెనుకాడవలెను! ఆ మాట ఆడే హక్కు మనకు ఉన్నదేమో గాని, దానిని మోసుకుపోయేవాడు పిల్లవాడు.

విద్యార్థులకు కూడ ఒక మాట. 199వ పిలుపు వరకు కూర్చొనడం సులభం కాదు. పిలిచినప్పుడు గేలి వినిపిస్తే నిలబడడం అంతకంటె కష్టం. ఈ రెండింటినీ సహించినవారు చరిత్రలో ఉన్నారు. ఆలస్యంగా వచ్చిన పిలుపు చిన్న పిలుపు కాదు.

బెర్ట్ బెల్ 1959 అక్టోబరు 11న ఫిలడెల్ఫియా మైదానంలో, తాను పెంచిన ఈగిల్స్ జట్టు ఆట చూస్తూనే కన్నుమూశాడు. అతడు విడిచిపోయిన నియమం ఒక్కటే: అందరికంటె వెనుకబడినవానికి అందరికంటె ముందు అవకాశం. ధనికులైన జట్టు యజమానులు తమ లాభం కొరకైనా దానిని అంగీకరించారు. మన తరగతి గదులలో ఉపాధ్యాయుని తొలి చూపు నేటికీ మొదటి బల్ల మీదనే పడుతున్నది. అది చివరి బల్ల మీద పడిన నాడు, ఆ నియమం ఆటస్థలం దాటి మన బడికి వచ్చినట్లు లెక్క.