తెరను కాచు గాజు

గాజు పెళుసైనదని అందరికిని తెలిసినదే. అయినను సెల్ ఫోను తెరపై అమర్చిన గాజు మందము సాధారణముగా ఒక మిల్లీమీటరునకు మించదు. కిటికీ అద్దము కంటె పలుచనైన ఈ రేకు అన్ని దెబ్బలకు ఎట్లు ఓర్చుకొనుచున్నది?

శ్రీకాకుళము జిల్లాలోని అక్కుపల్లి తీరమును ఉదాహరణముగా గైకొందము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటినది. ఇట్టి తీరమున వేటకు పోవువారికి వాతావరణ హెచ్చరికలు నేడు ఫోను ద్వారా కూడ అందుచున్నవి. తెర పగిలిన ఫోనులో హెచ్చరిక చదువుట కష్టము. కాని తీరపు ఇసుకయే గాజునకు శత్రువు. ఇసుకలోని క్వార్ట్జు కాఠిన్యము మోస్ కొలతలో 7, గాజునకు 5.5, 6ల మధ్య. కనుక ఇసుకరేణువు గాజును గీయగలదు.

గాజు పగులుటకు మూలము దాని ఉపరితలముననున్న సూక్ష్మమైన బీటలే యని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గ్రిఫిత్ 1920 ప్రాంతమున నిరూపించెను. గాజు వంగినపుడు ఒక వైపు సాగును. బీట నోరు తెరచుకొని లోనికి పరుగెత్తును. ఉపరితలమును ముందుగనే నొక్కిపెట్టి ఉంచినచో బీట అంత సులభముగా నోరు తెరువజాలదు.

ఈ ఒత్తిడిని కల్పించు విధము సరళమైనది. సోడియము గల గాజును సుమారు 400 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగిన సురేకారములో, అనగా పొటాషియం నైట్రేటులో, కొన్ని గంటలు ముంచి ఉంచుదురు. గాజులోని సోడియం అయానులు వెలుపలికి పోగా, వాని స్థానమున పెద్దవైన పొటాషియం అయానులు చేరును. బస్సులో బక్కవారు దిగిపోయి అవే సీట్లలో బొద్దువారు కూర్చున్నచో అందరును ఒత్తుకొందురు గదా! గాజు పైపొర స్థితియు అట్టిదే. ఈ విధానమును కిస్ట్లరు అను శాస్త్రజ్ఞుడు 1962లో వివరించెను.

ఇక గాజును ఎన్నుకొనుట. సున్నము, సోడా కలిపిన సామాన్యపు గాజు చౌక. కాని అందులో ఒత్తిడి పొర లోతు సుమారు 10 మైక్రానులే. ఒక మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అల్యూమినా ఎక్కువగా గల గాజులో ఈ పొర 40 మైక్రానులు, అంతకు మించియు ఉండవచ్చును. గీత ఆ పొరను దాటి లోనికి పోయినచో బలము నశించును. అందుచే ఇసుక నేలలందు వాడు తెరకు కాఠిన్యము కంటె పొర లోతే ముఖ్యము.

పనుల వరుసయు ముఖ్యమే. ముందు గాజును కోసి, రంధ్రములు తొలిచి, అంచులను వజ్రపుపొడి చక్రముతో అరగదీసి నునుపు చేయుదురు. పిదప కడిగి సురేకారములో ముంచుదురు. ఈ వరుస తారుమారైనచో కోసిన అంచున ఒత్తిడి పొర ఉండదు. పగులు అచ్చటనే మొదలగును.

తెరపై ఇసుక పడినపుడు పొడిగుడ్డతో రుద్దరాదు. ముందుగా రేణువులను మెల్లగా దులిపి, పిమ్మట తుడువవలెను. రుద్దిన ప్రతి రేణువును ఆ పలుచని పొరను చీల్చుటకే యత్నించును.