మస్టరులో లేని హమాలీ

బోధన్, వర్ని, రుద్రూర్ చుట్టుపక్కల వరి కోతలు మొదలైతే రైస్ మిల్లులకు కంటి మీద కునుకుండదు. లారీకి ఆనించిన చెక్క మీదుగా హమాలీ బస్తా మోస్తూ దిగుతుంటాడు. లోపల ఎలివేటర్ బెల్టు తిరుగుతూనే ఉంటుంది. ఉప్పుడు బియ్యం తయారయ్యే చోట బాయిలర్ మండుతుంటుంది. కాలు జారినా, అంగీ కొస బెల్టులో చిక్కినా ఒక ఇంటి సంపాదన ఆ పూటతో ఆగిపోతుంది.

ఆ తర్వాత సాధారణంగా జరిగేది పంచాయితీ. పెద్ద మనుషులు కూర్చుంటారు. సేటు ఇంత ఇస్తానంటాడు, చనిపోయినవాడి తరఫువాళ్లు ఇంత కావాలంటారు, తెల్లారేసరికి ఒక కాగితం మీద వేలిముద్రలు పడతాయి. బిహార్ నుంచి వచ్చిన హమాలీ అయితే శవాన్ని ఊరు చేర్చాలన్న తొందరలో బేరం ఇంకా త్వరగా తెగుతుంది. ఇక అయిపోయిందని రెండు పక్షాలూ అనుకుంటాయి.

అయిపోదు. మరణ పరిహారాన్ని కార్మిక పరిహార కమిషనర్ దగ్గరే జమ చేయాలని 1923 నాటి కార్మిక పరిహార చట్టం చెప్పింది. మూడు నెలల జీతం దాకా ముందుగా ఇచ్చే సొమ్ము తప్ప, నేరుగా చేతిలో పెట్టింది పరిహారం కింద లెక్కకు రాదు. హక్కు వదులుకుంటున్నామని రాయించుకున్నా ఆ రాత చెల్లదు. భార్య తర్వాత దరఖాస్తు పెట్టుకుంటే సేటు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వస్తుంది.

ఎంత కట్టాలి? నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి చట్టం నిర్ణయించిన అంకెతో హెచ్చవేయాలి. జీతం ఎంత ఎక్కువున్నా లెక్కకు తీసుకునే పరిమితిని 2020 జనవరిలో 15,000 రూపాయలు చేశారు. 35 ఏళ్ల మనిషికి అంకె 197.06. అంటే 7,500ను దానితో హెచ్చవేస్తే 14,77,950 రూపాయలు. 1923 చట్టం ప్రకారం నెలలోగా జమ చేయకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడేది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా తోడవుతుంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆ పాత చట్టం స్థానంలోకి వచ్చింది. సగం జీతం లెక్క మారలేదు. ఇంటి నుంచి పనికి వస్తూ పోతూ జరిగిన ప్రమాదానికి పనితో సంబంధం రుజువైతే దానికీ పరిహారం దక్కుతుంది.

ఈఎస్ఐ కిందికి వచ్చే కార్మికుడికి ఆ పథకమే రక్ష. దాని పరిధిలోకి రానివాళ్ల కోసం యజమానే బీమా తీసుకోవచ్చు. బ్రిటన్‌లో 1969 నాటి చట్టంతో ఇలాంటి బీమా యజమానులకు తప్పనిసరైంది. మన దగ్గర అది చాలావరకు సేటు ముందుచూపు మీదే ఆధారపడింది. ప్రీమియాన్ని ఏడాదిలో చెల్లించబోయే మొత్తం కూలి, పనిలోని ప్రమాదం చూసి లెక్కగడతారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎండాకాలంలో ఎనిమిది మందిని చూపించి పాలసీ తీసుకున్న మిల్లులోకి సీజన్‌లో మేస్త్రి ఇరవై మందిని తెస్తాడు. మేస్త్రి మనుషులకైనా చట్టం ముందు మిల్లు యజమానే జవాబుదారీ. ఈ కాంట్రాక్టు కూలీలను పాలసీలో చూపించకపోతే, వాళ్ల కూలికీ ప్రీమియం కట్టకపోతే బీమా కంపెనీ చేతులెత్తేయొచ్చు. ప్రీమియంలో మిగిలిన నాలుగు డబ్బులు ఒక్క ప్రమాదంతో లక్షలై తిరిగొస్తాయి. జరిమానా సంగతి మరీ గట్టిది. 1997లో ఒక వాహన బీమా కేసులో సుప్రీంకోర్టు పరిహారం, వడ్డీ బీమా కంపెనీ భరించాలని, జరిమానా మాత్రం యజమానే కట్టుకోవాలని తేల్చింది. వడ్డీని కూడా మినహాయించే పాలసీలున్నాయి. సంతకానికి ముందు ఆ ఒక్క షరతైనా చదివించుకోవాలి.

పాలసీ ఇంకా దేనికి పనికిరాదో తెలియాలంటే బోధన్‌లోని శక్కర్‌నగర్ వైపు చూడాలి. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు మోసింది. 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ పడింది. అక్కడి కార్మికుల గోడు ప్రమాదాల గురించి కాదు, రావలసిన జీతాల గురించి. జీతం బకాయి, గ్రాట్యుటీ, పీఎఫ్ వంటివి ఏ ప్రమాద బీమా కిందికీ రావు. కంపెనీ లిక్విడేషన్‌కు వెళితే గత 24 నెలల కూలి బకాయికి తనఖా ఉన్న బ్యాంకులతో సమాన వరస దొరుకుతుంది. కాని ఆస్తులు అమ్ముడుపోయేదాకా ఎదురుచూపే.

ప్రమాద పరిహారం దారి వేరు. యజమాని దివాలా తీస్తే, బీమా కంపెనీ నుంచి సొమ్ము రాబట్టే అతని హక్కు కార్మికుడికి సంక్రమిస్తుందని 1923 చట్టంలోని 14వ సెక్షన్ రాసిపెట్టింది. అందుకే ఈ పాలసీ సేటుకు ఎంత అవసరమో హమాలీ ఇంటికీ అంతే అవసరం. మిల్లు మూతపడ్డా ఆ కాగితం మిగులుతుంది, అందులో అతనికి చోటుంటే.

ప్రమాదం జరిగిన మర్నాడు బీమా కంపెనీ మనిషి మొదట అడిగేవి హాజరు పట్టీ, కూలి పుస్తకం. కాంటా గదిలో ప్రతి లారీ నంబరూ, వచ్చిన టైమూ, బరువూ రాసి ఉంటాయి. ఆ లారీని దించిన హమాలీల పేర్లు చాలాచోట్ల మేస్త్రి జేబులోని చిన్న డైరీలో ఉంటాయి.