ఆటిజం ఉన్న చిన్నారికి ప్రశాంతమైన గది: యాత్రాస్థలాల్లో బసను ఎంచుకునే శాస్త్రం

నంద్యాల జిల్లాకు వచ్చే యాత్రికుల్లో చాలామంది మహానంది, యాగంటి, అహోబిలం క్షేత్రాలను ఒకే ప్రయాణంలో దర్శించుకొని, రాత్రికి నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో, లేకుంటే క్షేత్రంలోని సత్రంలోనో కాటేజీలోనో బస చేస్తారు. కుటుంబంలో ఆటిజం ఉన్న చిన్నారి ఉన్నప్పుడు గది అద్దె, మంచాల సంఖ్య, వేడినీళ్లు అనే మామూలు లెక్కలు చాలవు. ఆ రాత్రి గదిలో ఎంత చప్పుడు వినిపించింది, చిన్నారి ఎంతసేపు నిద్రపోయింది అన్నదాన్ని బట్టే మరునాటి దర్శనం సాగడమో, కుటుంబం మధ్యలోనే ఇంటిదారి పట్టడమో జరుగుతుంది. అయితే ప్రశాంతమైన గది దొరకడం అదృష్టానికి సంబంధించిన విషయం కాదు. శబ్దం ఎక్కడ పుడుతుంది, ఏ దారిన లోపలికి వస్తుంది, వచ్చాక గదిలో ఎంతసేపు నిలుస్తుంది అనే మూడు ప్రశ్నలు వేసుకోగలిగితే సాధారణమైన లాడ్జిలోనూ అటువంటి గదిని గుర్తించవచ్చు.

చెవిలో కాదు, మెదడులో

ఆటిజం అనేది నాడీవ్యవస్థ ఎదుగుదలలోని తేడా వల్ల పుట్టుకతోనే ఏర్పడే స్థితి. ఇతరులతో మెలగడంలోనూ, భావాలను తెలియజేయడంలోనూ, కొత్త పరిస్థితులకు సర్దుకోవడంలోనూ దాని ప్రభావం కనిపిస్తుంది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని తొలిసారి వివరంగా వర్ణించినప్పుడే, వారిలో కొందరు లిఫ్టు, వాక్యూమ్ క్లీనర్, ధారగా పడే నీళ్లు వంటి వాటికి బెదిరిపోతున్నారని రాశాడు. ఇంద్రియాలు మితిమీరి గాని, మరీ తక్కువగా గాని స్పందించడాన్ని 2013లో వెలువడిన అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చింది. సికింద్రాబాద్‌లోని అప్పటి జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించగా మన దేశంలో వాడుకలో ఉన్న ఆటిజం అంచనా ప్రమాణంలోని 40 అంశాలను ఆరు విభాగాలుగా పేర్చారు. వాటిలో ఒక విభాగం పూర్తిగా ఇంద్రియ స్పందనలకు సంబంధించినదే.

ఇటువంటి పిల్లల్లో చాలామందికి చెవి నిర్మాణంలో లోపమేమీ ఉండదు, తేడా అంతా మెదడు ఆ శబ్దాన్ని స్వీకరించే తీరులో ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇంద్రియ సున్నితత్వం ఎక్కువగా ఉన్న ఆటిజం పిల్లలకు చికాకు కలిగించే శబ్దాన్ని, గరుకైన స్పర్శను పదే పదే కలిగించినప్పుడు, ముప్పును పసిగట్టే అమిగ్డాలా అనే మెదడు భాగం తీవ్రంగా స్పందించడమే కాక, ఆ స్పందన మిగతా పిల్లల్లో తగ్గినంత త్వరగా వీరిలో తగ్గలేదు. ‘కాసేపుంటే అదే అలవాటవుతుంది’ అన్న పెద్దల ఓదార్పు ఈ పిల్లల విషయంలో తరచూ వమ్ము కావడానికి మూలం ఇదే. భరించలేని స్థాయికి చేరినప్పుడు చిన్నారి చెవులు మూసుకొని ఏడవడం, నేల మీద పడిపోవడం, పరుగెత్తడం వంటివి చేస్తే అది మొండితనం కాదు, పెంపకంలో లోపమూ కాదు. మెల్ట్‌డౌన్ అని వ్యవహరించే ఆ స్థితిలో నాడీవ్యవస్థ తన అదుపును తానే కోల్పోతుంది.

శబ్దం పుట్టే చోటు, వచ్చే దారి

కర్నూలు నుంచి కడప వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల మీదుగానే పోతుంది కాబట్టి, రోడ్డు వైపు కిటికీలున్న గదుల్లో లారీల హారన్లు రాత్రంతా వినిపిస్తాయి. ఆళ్లగడ్డ శిల్పుల పనిశాలల్లో రాతిని కోసే యంత్రాల, గ్రైండర్ల తీక్షణ ధ్వని పగటిపూట ఉంటుంది గనుక మధ్యాహ్నం నిద్రపోయే పిల్లలకు ఆ చుట్టుపక్కల గదులు పనికిరావు. క్షేత్రాల్లో తెల్లవారుజామునే మైకులో సుప్రభాతం మొదలవుతుంది. ముహూర్తాల రోజుల్లో కల్యాణమండపాల బ్యాండు, బాణసంచా దానికి తోడవుతాయి. మహాశివరాత్రికి మహానందిలోనూ, ఫాల్గుణంలో అహోబిలంలోనూ జరిగే బ్రహ్మోత్సవాల వేళ నిశ్శబ్దాన్ని ఆశించడం వృథా, కనుక తేదీలను ఎంచుకోవడమే గదిని ఎంచుకోవడంలో తొలి మెట్టు.

ధ్వని తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. ప్రతి 10 డెసిబెల్‌ల పెరుగుదలకూ ధ్వనిశక్తి పది రెట్లవుతుంది, చెవికి మాత్రం దాదాపు రెట్టింపు అయినట్టు తోస్తుంది. లౌడ్‌స్పీకర్ వంటి ఒకే బిందువు నుంచి వచ్చే శబ్దం, ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. అంటే 10 మీటర్ల దూరంలో 90 ఉన్న మైకు 160 మీటర్ల దూరంలో 66కు దిగుతుంది. వరుసగా వాహనాలు సాగే రహదారి ఒక గీత వంటిది గనుక దాని శబ్దం రెట్టింపు దూరానికి సుమారు 3 డెసిబెల్‌లే తగ్గుతుంది. అందువల్ల గుడి మైకు నుంచి తప్పించుకోవడానికి దూరం జరిగితే చాలు గాని, రహదారి నుంచి తప్పించుకోవాలంటే భవనాన్నే అడ్డుగా పెట్టుకొని వెనకవైపు గది అడగడం మేలు.

పడకగదిలో నిరంతర శబ్దం 30 డెసిబెల్‌లకు, హఠాత్తుగా వచ్చే ఒక్కో చప్పుడు 45 డెసిబెల్‌లకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. మన దేశపు 2000 నాటి శబ్ద కాలుష్య నియమావళి, నివాస ప్రాంతాల్లో ఆరుబయట పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లను పరిమితిగా పెట్టి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్ల వాడకాన్ని సాధారణంగా నిషేధించింది.

భవనం లోపల పుట్టే చప్పుళ్లు అంతకంటే కీలకమైనవి, ఎందుకంటే అవి ముందుగా చెప్పకుండా వస్తాయి. లిఫ్టు, మెట్లు, రిసెప్షన్, క్యాంటీన్, నీళ్ల మోటారు, జనరేటర్ ఎక్కడున్నాయో బుక్ చేసేటప్పుడే అడిగి, వాటికి దూరంగా వరండా చివరి గదిని కోరాలి. ఆ గదికి ఒక పక్క మాత్రమే ఇరుగుపొరుగు ఉంటారు. అన్నిటికంటే పై అంతస్తులో తలమీద అడుగుల చప్పుడు ఉండదు గాని, నంద్యాల ఎండాకాలంలో స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడిని వదులుతూనే ఉంటుంది గనుక ఏసీ లేనప్పుడు దాని కింది అంతస్తే నయం.

గదిలో మారుమోగే శబ్దం

బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన నేల, సున్నం వేసిన గోడలు, సిమెంటు స్లాబు ధ్వనిని పీల్చుకోకుండా దాదాపు మొత్తాన్నీ తిప్పికొడతాయి. నాలుగు మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న ఖాళీ గదిలో ఒక శబ్దం పూర్తిగా అణగడానికి పట్టే కాలాన్ని సాబిన్ సూత్రంతో లెక్కిస్తే నాలుగు సెకన్లు దాటుతుంది. అదే గదిలో రెండు పరుపులు, మందపాటి కర్టెన్లు, నలుగురు మనుషులు ఉంటే ఆ కాలం ఒక సెకను లోపుకు పడిపోతుంది. గదిలోకి అడుగుపెట్టగానే ఒక్కసారి చప్పట్లు కొట్టి వింటే ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది. గణగణమని సాగితే అదనపు పరుపునో బొంతనో అడిగి నేలమీద పరచుకోవచ్చు. తలుపు కింది సందు నుంచి వరండా మాటలన్నీ లోపలికి వస్తాయి కాబట్టి, తడి తుడిచే తువ్వాలును చుట్టగా చేసి ఆ సందుకు అడ్డం పెట్టడం తేలికైన ఉపాయం. తిరిగే ఫ్యాను స్థిరమైన హోరు కొందరికి హాయినిస్తుంది, ఎందుకంటే అది హఠాత్తు చప్పుళ్లను తనలో కలిపేసుకుంటుంది. మరికొందరు దాన్నే భరించలేరు. కనుక చిన్నారి ఇంట్లో ఏ ధ్వనికి ఎలా స్పందిస్తుందో తల్లిదండ్రులకు తెలిసిన విషయమే ఇక్కడ అన్నిటికన్నా నమ్మదగిన ప్రమాణం.

వెలుగు, వాసన, తలుపు

పాత చోకు ఉన్న ట్యూబ్‌లైటు మన 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. పెద్దలు గమనించని ఈ మిణుకు, దాని గుయ్యిమనే ధ్వని కొందరు పిల్లలను వేధిస్తాయి. బాత్‌రూమ్‌లో నాఫ్తలీన్ ఉండలు, ఫినాయిల్, గది సువాసన స్ప్రే వాడవద్దని ముందురోజే చెప్పడం, గంజి పెట్టిన దుప్పటికి బదులు ఇంటి నుంచి తెచ్చిన పాత దుప్పటి పరచడం అవసరమైన జాగ్రత్తలు.

వీటన్నిటికంటే ముందు చూడవలసింది తలుపు. అమెరికాలో 2012లో ప్రచురితమైన ఒక సర్వేలో నాలుగేళ్లు నిండాక కనీసం ఒకసారైనా ఇంట్లోనుంచో బడిలోనుంచో చెప్పకుండా బయటికి వెళ్లిపోయే ప్రయత్నం చేసిన ఆటిజం పిల్లలు దాదాపు సగం మంది అని తేలింది. ఇటువంటి పిల్లల్లో చాలామందిని నీళ్లు ఆకర్షిస్తాయి. మహానందిలో ఎప్పుడూ నిండుగా ఉండే కోనేరు, అహోబిలం పక్కనే పారే భవనాశి వాగు, కొన్ని రిసార్టుల్లోని ఈతకొలను ఆ దృష్టితో చూడవలసినవే. చిన్నారి చేతికి అందని ఎత్తున పైగడియ, కిటికీలకు బలమైన చువ్వలు ఉన్న గదినే తీసుకోవాలి.

మొదటి రాత్రి

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర ఎవరికైనా పలచగానే ఉంటుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఆరోగ్యవంతులైన యువజనుల్లో చూపినట్టు, ఆ రాత్రి మెదడులోని ఒక అర్ధగోళం గాఢనిద్రలోనూ మరికాస్త మెలకువగా ఉండి వింత శబ్దాలను కనిపెడుతుంది. నిద్రలేమి మామూలుగానే ఎక్కువగా కనిపించే ఆటిజం పిల్లల్లో రాత్రికో ఊరు మారడం కష్టాన్ని పెంచుతుంది గనుక, ఒకే గదిలో రెండు మూడు రాత్రులుండి అక్కడినుంచే క్షేత్రాలకు వెళ్లి రావడం, పగటివేళ చేరుకోవడం, గది ఫోటోలను ముందే తెప్పించి చిన్నారికి చూపి ఏం జరగబోతుందో వరుసగా చెప్పడం మేలు చేస్తాయి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వికలాంగులు ఇతరులతో సమానంగా జీవించడానికి అవసరమైన సహేతుక సర్దుబాటు అనే భావననూ ఆ చట్టం నిర్వచించింది. నిశ్శబ్దమైన చివరి గదిని అడిగే తల్లి గారాబం కోరడం లేదు. చక్రాల కుర్చీకి ర్యాంపు ఎంత అవసరమో ఆ చిన్నారికి నిశ్శబ్దం అంతే అవసరం. ఏ గది రోడ్డు వైపుంది, ఏది జనరేటర్ పక్కనుంది, ఏది ప్రశాంతమైనది అని లాడ్జి యజమానులూ, దేవస్థానం వసతి కార్యాలయాలూ ఒక్కసారి నమోదు చేసుకొని, అడిగినవారికి ముందుగానే చెప్పే పద్ధతి పెట్టుకుంటే పైసా ఖర్చు లేకుండానే ఎన్నో కుటుంబాలు అహోబిలం నరసింహస్వామి దర్శనానికీ, మహానందీశ్వరుని సన్నిధికీ ధైర్యంగా బయలుదేరగలుగుతాయి.