వార్తల్లో పదం: ఫెడివర్స్

జీమెయిల్ నుంచి యాహూకు మెయిల్ పంపగలం. ఫేస్‌బుక్‌లో ఉండి ఎక్స్‌లోని మిత్రుణ్ని మాత్రం అనుసరించలేం. ఆ గోడ లేని సామాజిక మాధ్యమాల కూటమే ఫెడివర్స్. దీనికి యజమాని అంటూ ఎవరూ లేరు. ఫెడివర్స్‌లోని ఒక వేదిక మాస్టోడాన్. ఉస్మానియా క్యాంపస్‌లోని విద్యార్థి ఒక మాస్టోడాన్ సర్వర్‌లో, గోల్నాకలోని స్నేహితుడు మరో సర్వర్‌లో ఖాతా తెరిచినా ఒకరి పోస్టులు ఒకరికి అందుతాయి. సర్వర్లను కలిపే 'యాక్టివిటీపబ్' ప్రోటోకాల్‌ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018లో ప్రమాణంగా ఆమోదించింది.

మాస్టోడాన్ 2016లో వచ్చింది. రూపకర్త యూజెన్ రోచ్‌కో. 2019 నవంబరులో సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విటర్ ఖాతా సస్పెండయ్యాక మన దేశంలో చాలామంది ఇటు మళ్లారు.

ఇదే పద్ధతిలో ఫైళ్లు దాచుకోవడానికి నెక్స్ట్‌క్లౌడ్ ఉంది. విశ్వవిద్యాలయం దాన్ని సొంత సర్వర్‌లోనే పెట్టుకుని, మరోచోటి నెక్స్ట్‌క్లౌడ్‌లోని అధ్యాపకుడితో ఫైలు పంచుకోవచ్చు. మాస్టోడాన్, నెక్స్ట్‌క్లౌడ్ రెండింటి సోర్స్‌కోడూ బహిరంగమే. ప్రజాధనంతో నడిచే విద్యాసంస్థలకు ఇదే సరైన దారి.

అయితే మాస్టోడాన్ ప్రైవేటు సందేశాలను సర్వర్ నిర్వాహకులు చూడగలరు. సర్వర్ మారితే అనుచరులు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. ఖాతా తెరిచే ముందు నిర్వాహకులెవరో, నియమాలేమిటో తప్పక తెలుసుకోండి.