కలగూరగంప కానుకలు

కానుక అనే మాటలో చూపు దాగి ఉన్నది. పెద్దలను కానబోయేటప్పుడు వట్టి చేతులతో పోకూడదని వెంట తీసుకుపోయేది కానుక. పెళ్లిలో ఇచ్చేవాటిని చదివింపులన్నారు. ఫలానావారు ఫలానాది ఇచ్చారని పదిమందిలో పైకి చదివేవారు గనుక ఆ పేరు. కట్నం కూడా ఒకప్పుడు వట్టి కానుకే. ఆ మాటకు తరువాత పట్టిన గతి పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేదాన్ని కనుక ఏ సంగతి ఎత్తుకున్నా ముందు మాట దగ్గర ఆగిపోవడం నాకు అలవాటు. మన్నించాలి.

పంజాగుట్ట కూడలిలో నిలబడి చూస్తే కానుకలకు కరువేమీ కనబడదు. నగల దుకాణాలు, చీరల దుకాణాలు, నిలువెత్తు అద్దాల వెనుక వెండి గిన్నెలు. అయినా ఒక్కసారి మన ఇళ్లలో అటకమీదికి తొంగి చూడండి. రంగు కాగితమైనా విప్పని పెట్టెలు ఎన్ని ఉన్నవో! గోడ గడియారాలు మూడు, గాజు గిన్నెల సెట్లు నాలుగు. ఎవరిచ్చినదో గుర్తులేక, ఇచ్చినవారింటి గృహప్రవేశానికే దాన్ని పట్టుకుపోయిన ఇల్లాళ్లను నేనెరుగుదును. అందుకే కాబోలు, ఈమధ్య చేతితో చేసిన కానుకలమీదికి మనవాళ్ల మనసు మళ్లుతున్నది. మా అమీర్‌పేటలో కంప్యూటరు చదువులకని వచ్చి హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలు సైతం ఆదివారంనాడు చెక్కపలక, జిగురుసీసా, పూసలు ముందు వేసుకొని కూర్చుంటున్నారు. దానికి వారు పెట్టిన పేరు మిక్స్‌డ్ మీడియా.

పేరు గంభీరంగా ఉన్నదిగాని, సంగతి కలగూరగంప. చెక్క, కాగితం, గుడ్డ, రంగు, పూస, గవ్వ, తాడు, ఏది చేతికందితే అది ఒకదానిమీద ఒకటి పొరలుగా పేర్చి ఒక వస్తువు చెయ్యడం. పడమటి దేశాల వాళ్లు దీనికి 1912ను ఒక గుర్తుగా చెప్పుకుంటారు. ఆ ఏడు పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను చిత్రంలో అంటించి, చట్రానికి బదులు చుట్టూ తాడు బిగించాడు. అంతకు ముందే ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ, భర్త పోయిన తరువాత, డెబ్బై దాటిన వయసులో కత్తెర పట్టి, రంగు కాగితపు ముక్కలతో పూలమొక్కల బొమ్మలు దాదాపు వెయ్యి అంటించింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి.

ఇంతదూరం పోవడమెందుకు? సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీల ఇండ్లకు వెళితే చాలు. ఖద్దరు గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు, గంజి, బంక కలిపి పూతమీద పూత పట్టించి, ఆరిన తరువాత దానిమీద ఎర్రటి నేలరంగు వేసి కథలు చిత్రిస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, చాకలివారికి మడేలు పురాణం. కథ చెప్పేవారు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ ఊరూరా చెప్పుకొనిపోయేవారు. అదే చేర్యాలలో కొబ్బరిచిప్పమీద రంపపు పొడి, చింతగింజల జిగురు కలిపిన ముద్ద మెత్తి ముఖాలు చేస్తారు. ఆ ముద్దనే కొండపల్లి బొమ్మలవారు మక్కు అంటారు. పొణికి చెక్కతో చెక్కిన ముక్కలను అతికేది, ముక్కు చెవులు దిద్దేది దానితోనే. తంజావూరు పటాల సంగతి సరేసరి. పలకమీద గుడ్డ, గుడ్డమీద సుద్దపూత, దానిమీద గాజురాళ్లు, బంగారు రేకు. ఆ పటాలు వేసే కుటుంబాలలో విజయనగర కాలం తరువాత దక్షిణానికి తరలిపోయిన మన తెలుగు రాజులున్నారు.

ఇప్పుడు హస్తకళల సామాను దుకాణంలో అమ్మే ఎం.డి.ఎఫ్. పలక ఏమిటంటారా? కట్టెను పీచు చేసి జిగురుతో కలిపి, వేడిచేసి ఒత్తినది. మక్కుకు దూరపు చుట్టమన్నమాట. 'జెస్సో' అని సీసాలో పోసి అమ్మేది చేర్యాల సుద్దపూతకు మేనత్త కూతురు. దుకాణంవాడు వాటిని విదేశీ విద్యలని చెప్పి ధర పెంచితే మీరు నవ్వి ఊరుకోవచ్చు.

ఇక మా ఎదురింటివారి సంగతి చెబుతాను. వారిది వనపర్తి వైపు. ఆ ఇంటి పిల్లకు పెళ్లయి అమెరికా ప్రయాణం కుదిరింది. విమానంవాళ్లు పెట్టెకు 23 కిలోలని తూకం కట్టారు. అందులో పచ్చళ్లు పోను, పొడులు పోను, బట్టలు పోను, తల్లి మనసు పట్టేంత చోటు ఎక్కడిది? పిల్ల మాత్రం ఒక్కటే అడిగింది, "అవ్వ గుర్తు ఏదన్న ఇయ్యండి" అని. అవ్వకు ఎనభై దాటినవి. ఆమె పెళ్లినాటి గద్వాల చీర బీరువాలో ఉన్నది. గద్వాల చీర ఎరుగుదురు గదా, ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ నేతలోనే కలుపుతారు. ఆ మాటకు వస్తే అదీ ఒక మిశ్రమ విద్యే. ఇన్నేళ్లకు నూలు మడతమడతకూ పిగిలిపోయింది. అంచు మాత్రం నిన్న మగ్గం దిగినట్టున్నది.

వదినగారు పెళ్లిళ్లకు కొబ్బరిబోండాలు, కుడుకలు, అడ్డుతెరలు అలంకరించి ఇచ్చే మనిషి, చేతిలో పనితనమున్నది. అంచు కత్తిరించి ఒక నగలపెట్టె చేస్తానన్నది. అవ్వ ససేమిరా అన్నది.

"నేను పోయినంక ఏమన్న చేసుకోండ్రి. నేనుండంగ దానికి కత్తెర తాకొద్దు."

"అత్తమ్మా, చీర ఎట్లాగూ చినిగిపోతున్నది గదా" అని కోడలు.

"చినిగితే చినగనీ. చినుగుడు వేరు, కోసుడు వేరు."

రెండు రోజులు ఆ ఇంట మాటలు తక్కువైనవి. నన్ను తీర్పు చెప్పమని పిలిచారుగాని, అటువంటి తీర్పులు చెప్పడానికి తెలుగు ఎం.ఏ. చాలదు. నేను ఊరికే కూర్చుండి ఆ చీరను చూస్తూ ఉన్నాను. మూడోనాడు అవ్వే చీరను మంచంమీద పరిపించి, లోపలి చెంగు దగ్గర వేలుపెట్టి, "ఇగో, ఇది లోపల దోపుకునేది. నలుగురు సూసేది కాదు. ఇక్కడ మూరెడు తీసుకోండ్రి. పైటకొంగు ముట్టొద్దు" అన్నది. నిజానికి ఆ చీరలో ఎండ తగలక, ఉతుకు దెబ్బ తక్కువ తిని, రంగు చెడక నిలిచిన భాగం అదే. ఆమెకు తెలిసిన ఈ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

పెట్టె తయారైన తీరు కొంచెం వివరంగా చెబుతాను, చెయ్యదలచిన వారికి పనికివస్తుంది. పది అంగుళాల పొడవు, ఏడంగుళాల వెడల్పుగల మూతపెట్టె తెచ్చి, అంచులను గరుకు కాగితంతో నునుపు చేశారు. తెల్లపూత రెండుసార్లు. మొదటిది పూర్తిగా ఆరి, మళ్లీ గరుకు కాగితం తగిలితేగాని రెండోది వెయ్యకూడదు. తొందరపడితే పైపొర పొలుసు లేస్తుంది. పక్కలకు కుంకుమరంగు వేశారు. మూతకు మాత్రం మీగడరంగే ఉంచారు. ఎందుకంటే మూతమీద పల్చని కాగితం వస్తుంది; అడుగున ముదురురంగు ఉంటే కాగితంమీది అక్షరాలు మునిగిపోతవి.

ఆ కాగితం ఒక కార్డుముక్క నకలు. తాతగారు పెళ్లైన కొత్తలో పట్నంలో నౌకరీకి వచ్చి అవ్వకు రాసిన కార్డు. ఆమెకు అప్పటికి చదువు రాదు. వాడకట్టులో ఒకరిచేత చదివించుకొని వినేదట. "అందుకే ఆయన ఏమీ రాసేటోడు కాదు, వానలు పడ్డయా, బర్రె ఈనిందా, గంతే" అని నవ్వింది. అసలు కార్డును అంటిస్తామని పిల్ల అంటే నేను అడ్డుపడ్డాను. అసలును దాచుకోవాలి, నకలును అంటించాలి. ఇంట్లోని ఇంక్‌జెట్ యంత్రంమీద తీసిన నకలుకు తెల్లజిగురు తగిలితే సిరా అలుక్కుపోతుంది. జెరాక్సు నకలుకు ఆ భయం లేదు. నోట్సులకోసం జనం బారులు తీరే అమీర్‌పేటలో జెరాక్సు దుకాణాలకు కొదువా?

కాగితానికి జిగురును కాసిని నీళ్లతో పలుచన చెయ్యాలి. నడిమినుంచి అంచులకు మెత్తని గుడ్డతో ఒత్తుతూ రావాలి. గాలిబుడగ నిలిస్తే సూదితో పొడిచి అణచాలి. పట్టు అంచుకు ఈ పద్ధతి పనికిరాదు. పలుచని జిగురు పట్టులోకి ఇంకి మరక కడుతుంది. చిక్కని జిగురును పలుచని పొరగా చెక్కకు రాయాలి, గుడ్డకు కాదు. మరొక కిటుకు వదినగారు చూపించింది. కత్తిరించబోయే గీత వెంబడి ముందే సన్నగా జిగురు గీసి, ఆరిన తరువాత ఆ గీతమీదనే కోస్తే పోగులు ఊడిరావు. జరీ విషయంలో కూడా జాగ్రత్త ఉండాలి. వెండితీగ జరీ నిదానంగా నల్లబడుతుంది; రాగితీగ జరీ ఇంకా త్వరగా. తడి తగలకుండా చూడటమే మందు. పైన వేసే వార్నీషు కాగితానికి, రంగుకు మాత్రమే. పట్టుమీద ఒక్క చుక్క పడినా అది అట్ట కడుతుంది.

పెట్టె లోపల అదే చీర నూలు ముక్కను పరిచారు. అంచు బయట, ఒళ్లు లోపల.

పూసల దగ్గర తల్లీకూతుళ్లకు మళ్లీ వాదం వచ్చింది. పిల్ల ముత్యాలు, అద్దాలు, గవ్వలు, కుందనాలు అన్నీ కావాలన్నది. ఈసారి మాత్రం నేను నోరు విప్పాను. చంపూకావ్యంలో గద్యం పద్యం రెండూ ఉంటవి గాని, రెండూ ఒకేసారి అరవవు. అంచు మాట్లాడేచోట పూస ఊరుకోవాలి. చివరికి మూత నాలుగు మూలలా నాలుగు ముత్యాలు మిగిలినవి. శ్రావణమాసపు ముసురులో పొరపొరకూ ఒకరోజు చొప్పున ఆరబెట్టగా, పెట్టె పూర్తికావడానికి పదకొండు రోజులు పట్టింది.

పిల్లలున్న ఇంటివారికి ఒక మాట. అందంగా ఉన్నవని గురివింద గింజలను ఇటువంటి పనులలో వాడుతుంటారు. కంసాలి త్రాసులో తూకానికి నిలిచిన గింజే గాని, నమిలి మింగితే ప్రాణం తీసే విషం. సూది గుచ్చి పూసలుగా చేస్తే మరీ ప్రమాదం, పైపెంకు పగులుతుంది గనుక. వాటిని ఇంట్లోకే తేకండి. పైదేశం పోయే కానుకలో గింజలు, ఎండుటాకులు ఉంటే అక్కడి తనిఖీవారు ఆపవచ్చు కూడాను. గాజులా మెరిసే రెజిన్ పోత ఈమధ్య కొత్త వేడుక. దాన్ని కిటికీలు మూసిన వంటింట్లో కలపరాదు. చేతికి తొడుగు, గదికి గాలి రెండూ ఉండాలి.

పెట్టె వెళ్లిపోయిన తరువాత వదినగారికి అటువంటివే చేసిపెట్టమని ఇద్దరు ముగ్గురు అడిగారు. చీర తెచ్చినవారు ఒక్కరే. మిగతావారు, "మీ దగ్గరున్న పాత అంచేదైనా వేసెయ్యండి" అన్నారు. అవి ఆమె ఒప్పుకోలేదు. బోండాలపని మాత్రం ఎప్పటివలె వస్తున్నది. అక్కడ చిక్కు వేరు. వచ్చినవారు బోండాన్ని ఇటూ అటూ తిప్పి, పూసల ధర ఇంత, లేసు ధర ఇంత అని మనసులో కూడి, "ఇంతేనా దీని ఖర్చు?" అంటారు. మూడు సాయంత్రాలు ఆ లెక్కలోకి రావు. ఇంట్లో కూర్చుని ఆడవాళ్లు చేసే పనిని కాలక్షేపం కింద జమకట్టే అలవాటు మనలో ఇంకా పోలేదు. కాలక్షేపానికి ఎవరూ రాత్రి పదకొండు గంటలదాకా వెన్ను వంచి ముత్యాలు గుచ్చరు.

నా సలహామీద ఆమె ఒక చిన్న పుస్తకం పెట్టింది. సరుకు ఒక పద్దు, చేతిపని గంటలు మరొక పద్దు. మొన్న పంజాగుట్ట నుంచి ఒకావిడ కూతురి పెళ్లికి బోండాం, అడ్డుతెర రెండూ చేయించాలని వస్తే ఆ పుస్తకం తీసి ముందు పెట్టింది. ఆవిడ కళ్లజోడు సవరించుకొని రెండు పద్దులూ శ్రద్ధగా చదివింది. తరువాత బేరమాడింది. వదినగారు సరుకు దగ్గర తగ్గి, గంటల దగ్గర తగ్గనన్నది. అరగంట గడిచిన తరువాత బోండానికి బయానా ఇచ్చి, అడ్డుతెర మాత్రం ఇంకోచోట అడుగుతానని ఆవిడ లేచింది.