ముందు బిందెలు లెక్కపెట్టండి... తర్వాతే విత్తనం!

చలి వెనక్కి తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజులివి. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద పెయింటెడ్ స్టార్క్ కొంగలు సందడి చేసే కాలం. ఈ కొంగలు ఊరికే గూడు కట్టవు. చుట్టుపక్కల చెరువుల్లో నీళ్లు, ఆ నీళ్లలో చేపలు ఉంటేనే పిల్లల్ని పెంచే పనికి దిగుతాయి. పెరట్లో నాలుగు మొక్కలు వేద్దామనుకుంటున్న మనం కూడా ముందు చూసుకోవాల్సింది నీళ్లనే. ఏ మొక్క బాగుంటుందన్నది తర్వాతి మాట. ఏప్రిల్‌, మే నెలల్లో దానికి పోయడానికి ఇంట్లో ఎన్ని నీళ్లుంటాయన్నది మొదటి మాట.

సంక్రాంతి పోగానే ఎనిమిది రకాల విత్తనాల పొట్లాలు తెస్తాం. ఉన్న జాగా అంతా చల్లేస్తాం. శివరాత్రికి పెరడు పచ్చగా కళకళలాడుతుంది. ఉగాది నాటికి సగం ఎండుతుంది, ఆ తర్వాత అందులో అడుగు పెట్టబుద్ధి కాదు. ఇది మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది. తప్పు మీ చేతిది కాదు, లెక్కది. ఉమ్మడి అనంతపురం జిల్లా పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే. అదీ ఎక్కువగా జూన్‌ నుంచి అక్టోబరు మధ్యే పడుతుంది. అంటే ఇప్పుడు వేసే మొక్క దాదాపు పూర్తిగా మనం పోసే నీళ్ల మీదే బతకాలి.

ఇంత కష్టం ఎందుకంటే...

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ప్రతి 100 మందిలో దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. కొంచెం నడిస్తే ఆయాసం, పనిలో నిస్సత్తువ, కళ్లు తిరగడం... వీటిని ‘ఎండకు ఇంతేలే’ అనుకుంటూ నెట్టుకొచ్చేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సలహా ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అందులో 100 గ్రాములు ఆకుకూరలే ఉండాలి. రాగి సంగటి, వేరుశనగల చట్నీ మంచి బలమే. కానీ వేసవి వచ్చేసరికి కంచంలోంచి ముందుగా తప్పుకొనేది ఆకుకూరే. సంతలో కట్ట చిన్నదవుతుంది, ధర పెద్దదవుతుంది. వండిన కొద్దిపాటి కూర పిల్లలకూ మగవాళ్లకూ పోగా, చివర్లో తినే ఇల్లాలికి గిన్నె అంచున మిగిలిందే దక్కుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. చాలా ఇళ్లలో నీళ్లు మోసేదీ ఆమే. పెరటి కోసం రోజూ మరో రెండు బిందెలు మోయాల్సి వస్తే అది ఆరోగ్యం కాదు, అదనపు భారం. అందుకే ఈ తోటకు ఒకటే నియమం. దీనికోసం కొత్తగా నీళ్లు మోయకూడదు. ఇంట్లోకి ఒకసారి వచ్చి, వాడాక బయటికి పోయే నీళ్లే తోటకు.

మూడు రోజులు కొలవండి

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు, సబ్బు పోయాక గిన్నెలను చివరిసారి తొలిచిన నీళ్లు... మూడు రోజుల పాటు వీటిని బక్కెట్లోకి పట్టి చూడండి. రోజుకు ఎన్ని బిందెలో తేలిపోతుంది.

ఇక మడి సంగతి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న ఆకుకూర మడికి ఫిబ్రవరిలో రోజుకు 4 నుంచి 5 లీటర్లు చాలు. ఏప్రిల్‌ వచ్చేసరికి ఎండకు, వేడిగాలికి అదే మడి 6 నుంచి 7 లీటర్లు తాగుతుంది. 15 లీటర్ల బిందెతో ఇప్పుడు మూడు మడులు తడిస్తే, అప్పుడు రెండే తడుస్తాయి. మీ ఇంట్లో రోజుకు రెండు బిందెలు తేలాయనుకోండి. ఇప్పుడు ఆరు మడులు వేసుకోవచ్చు. కానీ ఏప్రిల్‌ నాటికి నాలుగే మిగలాలి. కాబట్టి ఆరింటిలో రెండు మడులు మార్చి నెలాఖరుకల్లా పని ముగించుకుని తప్పుకొనే మొక్కలవి కావాలి. రకాల ఎంపిక అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

త్వరగా వచ్చి వెళ్లేవి: మెంతికూర, కొత్తిమీర, పాలకూర చల్లదనాన్ని ఇష్టపడతాయి. ఎండ ముదిరితే పూతకు వచ్చి ఆకు తగ్గిపోతుంది. కాబట్టి ఆలస్యం చేయకుండా ఫిబ్రవరి మొదట్లోనే వేయండి. మెంతి మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. ధనియాలను రెండు బద్దలుగా నలిపి విత్తితే మొలక బాగుంటుంది.

ఎండను తట్టుకునేవి: తోటకూర, గోంగూర, గోరుచిక్కుడు, బెండ. మిగిలే నాలుగు మడులూ వీటికే. తోటకూర నెల తిరక్కుండానే చేతికొస్తుంది. వేళ్లతో పీకేయకుండా, మొదట్లో నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క సుగుణ ఇలా పలుమార్లు కోసుకునే తోటకూర రకమే. వేసవి బెండకు తెల్లదోమ వల్ల ఆకులు పసుపు వల అల్లినట్టు మారే తెగులు ఎక్కువ. అదే సంస్థ నుంచి వచ్చిన అర్క అనామికను ఆ తెగులును తట్టుకునేలా రూపొందించారు. తెగులు సోకిన మొక్క కనిపిస్తే మాత్రం రకం ఏదైనా వెంటనే పీకేయండి.

ఏళ్ల తరబడి నిలిచేవి: ఒక మునగ, ఒక కరివేపాకు, వీలైతే ఒక నిమ్మ. మొదటి వేసవి గట్టెక్కితే ఆ తర్వాత మునగ కరవును మనకన్నా బాగా తట్టుకుంటుంది. ఆకు కోసం పెంచేటప్పుడు మూడడుగుల ఎత్తు రాగానే తల తుంచండి. పక్కకొమ్మలు వచ్చి ఆకు చేతికందుతుంది.

మడుల అంచున నాలుగు బంతి మొక్కలు కూడా నాటుకోండి. పూలు గుమ్మానికీ దేవుడికీ పనికొస్తాయి. వాటి వేళ్లు నేలలోని నులిపురుగులను కొంత అదుపులో ఉంచుతాయి.

ఒకమాట. పొలం కోసం తెచ్చిన విత్తనాల్లో మిగిలినవి పెరట్లో చల్లవద్దు. గులాబీ రంగో, నీలం రంగో పూసి ఉన్నాయంటే వాటికి మందు పట్టించారని అర్థం. వారం పది రోజుల్లో లేత మొక్కలు ఏరి వండుకునే ఆకుకూరకు అలాంటి విత్తనం అస్సలు తగదు.

ఏ నీళ్లు దేనికి?

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు నేరుగా ఆకుకూర మడికి పోయొచ్చు. సబ్బుతో గిన్నెలు తోమిన నీళ్లు మునగ, కరివేపాకు, నిమ్మ చెట్ల పాదులకు మళ్లించండి. బట్టల సబ్బుపొడి నురుగు నీళ్లు మాత్రం దేనికీ వద్దు. అందులోని సోడియం నేలను గట్టిపరుస్తుంది. రెండోసారి జాడించిన నీళ్లైతే అప్పుడప్పుడు చెట్లకు పోయొచ్చు. పసిపిల్లల గుడ్డలు ఉతికిన నీళ్లు తోట వైపు రానీయకండి.

వాడిన నీళ్లను ఏ రోజువి ఆ రోజే పోసేయండి. నిల్వ ఉంచితే వాసనతో పాటు దోమలూ వస్తాయి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిల్వ నీళ్లలోనే. డ్రమ్ములకు మూత ఉండాలి. వారానికోసారి ఖాళీ చేసి, లోపలి గోడలు రుద్ది కడగాలి.

నీళ్లను ఆకుల మీద కాకుండా మొదట్లోనే పోయండి. పొద్దున్నే గానీ, సాయంత్రం ఎండ దిగాక గానీ పోయాలి. పోసే ముందు మట్టిలోకి వేలు రెండు అంగుళాలు దించి చూడండి. తడి తగిలితే ఆ పూట పోయనక్కర్లేదు.

ఎత్తు మడి కాదు, పల్లపు మడి

మన ఎర్రనేల నీటిని ఎక్కువసేపు పట్టుకోదు. వానలు ఎక్కువ పడే చోట మడిని ఎత్తుగా కడతారు. మనకు పనికొచ్చేది నేల కంటే నాలుగైదు అంగుళాలు లోతుగా, చుట్టూ గట్టు ఉండే పల్లపు మడి. పోసిన నీళ్లు పక్కకు పోకుండా వేళ్లకే అందుతాయి. ఒక్కో మడిలో బాగా చివికిన పశువుల ఎరువు రెండు గంపలు కలపండి. చెరువు పూడిక మట్టి దొరికితే ఒక గంప వేయండి, తేమ నిలుస్తుంది. పచ్చి పేడ వేయొద్దు. చెదలు పట్టడమే కాదు, అందులోని క్రిములు ఆకులకు అంటుకుంటాయి.

మొలకలు నాలుగు వేళ్ల ఎత్తు పెరిగాక మొక్కల మధ్య రెండు అంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరవండి. మన ఊళ్లలో దీనికి కొదవ లేదు. ఎండ నేరుగా మట్టిని తాకదు, నీళ్లు ఆవిరి కావడం తగ్గుతుంది, కలుపూ తగ్గుతుంది. చెట్ల పాదుల్లో మెడ వరకు ఒక మట్టి కుండ పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. గోడల్లోంచి ఊరే తేమను వేళ్లే వెతుక్కుంటాయి.

మార్చి నెలాఖరు నుంచి పడమటి ఎండకు అడ్డం కావాలి. షేడ్‌నెట్‌ కొననక్కర్లేదు. కందికట్టెతో కట్టిన తడిక గానీ, నాలుగు గుంజలకు కట్టిన పాత చీర గానీ చాలు. గాలి ఆడేలా వదులుగా కట్టండి.

పేనుబంక లాంటివి కనిపిస్తే వేపగింజల పొడి 50 గ్రాములు గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను బాగా పిండి, వడకట్టి, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. పొలంలో పురుగుమందు కొట్టిన పంపును ఇందుకు వాడొద్దు.

చెప్పులు మరవొద్దు

తడి మట్టిలో ఉత్తకాళ్లతో తిరిగితే కొంకిపురుగుల పిల్లలు పాదాల చర్మం గుండా ఒంట్లోకి చేరే ప్రమాదం ఉంది. ఆరుబయట మలవిసర్జన ఉన్న చోట ఇది మరీ ఎక్కువ. ఇవి పేగులకు అంటుకుని రక్తం పీలుస్తాయి. రక్తం పట్టడానికి పెంచుకున్న తోటే రక్తం పోవడానికి దారి కాకూడదు కదా! మట్టిపనికి చెప్పులు వేసుకోండి, ముగించాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఫిబ్రవరి 10 జాతీయ నులిపురుగుల నివారణ దినం. ఆ రోజు అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్‌ మాత్రను పిల్లల చేత తప్పక వేయించండి.

కూర ఒంటికి పట్టాలంటే

ఆకుకూరల్లోని ఐరన్‌ను మన ఒళ్లు తక్కువగానే గ్రహిస్తుంది. దానికి విటమిన్‌ సి తోడైతే గ్రహించడం పెరుగుతుంది. అందుకే పెరట్లో నిమ్మ చెట్టు ఉండాలన్నది. పప్పుకూరో, పులగూరో పొయ్యి దించాక, తినే ముందు నిమ్మరసం పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే విటమిన్‌ చాలావరకు పోతుంది. ఆకును కడిగాకే తరగండి. అన్నానికి, టీ కాఫీలకు మధ్య కనీసం గంట ఎడం ఉండాలి.

ఒకటి మాత్రం నిజాయతీగా చెప్పుకోవాలి. ఈ నాలుగు మడులు నలుగురున్న ఇంటికి రోజూ సరిపడా కూర ఇవ్వవు. వారానికి రెండు మూడు పూటలు వస్తే మంచి పంటే. మిగతా రోజులు మునగాకు, చైత్రంలో చింతచిగురు ఆదుకుంటాయి. అలాగే ఆకుకూర మందుకు బదులు కాదు. గర్భంతో లేని మహిళకు హిమోగ్లోబిన్‌ 12 గ్రాముల కన్నా, గర్భిణికి 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత ఉన్నట్టే. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించుకుని, ఇచ్చిన ఐరన్‌ ఫోలిక్‌ యాసిడ్‌ మాత్రలు మానకుండా వేసుకోవాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పాలకూర, తోటకూర ఎంత తినొచ్చో డాక్టర్‌ను అడగండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్‌ వాడుతున్నవాళ్లు ఆకుకూరల మోతాదును ఒక్కసారిగా పెంచడం, తగ్గించడం చేయొద్దు.

ఈ వారం విత్తనాల పొట్లం కొనకండి. బక్కెట్టు పెట్టి, మూడు రోజులు నీళ్లు కొలవండి. లెక్క ఒకే మడికి సరిపోతే ఒక్క మడే వేయండి. శివరాత్రికి పచ్చగా ఉండి ఉగాదికి ఎండిపోయే ఆరు మడుల కన్నా, మే నెలలోనూ కోతకొచ్చే ఒక్క మడి మేలు. ఆ మడిలో మొదటిసారి కోసిన కూర వండిన రోజు, నీళ్లు పోసి పెంచిన ఇల్లాలి కంచంలోనే ముందు వడ్డించండి.